స్నానాల గదికి గాజు సొగసు

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. ఆ మాట పుట్టిన రోజుల్లో ఇంటి లెక్కలో స్నానాల గది చేరి వుండదు. పెరట్లో నూతి ప్రక్కన నాలుగు నాపరాళ్ళు పరిచి, చుట్టూ తడిక కట్టి, ఒక మూల కాగు పెడితే స్నానానికి అంతకంటె ఏం కావాలి? పోసుకున్న నీళ్ళు తమ దోవన తాము పోయి అరటిచెట్టు మొదట్లో ఇంకేవి. గోడ తడిసేది లేదు, చెమ్మ ఎక్కేది లేదు, క్రింది ఇంటివాళ్ళు తగవుకు వచ్చేది అసలే లేదు.

ఇప్పుడు స్నానాల గది నడింట్లోకి వచ్చి పడకగదిని ఆనుకుని కూర్చుంది. ఒకరి స్నానాల గది నేల మరొకరి ఇంటికప్పు అయింది. బిందెకు బదులు షవరు వచ్చింది. షవరు వచ్చాక నీళ్ళు నేలమీద పడటంతో తృప్తిపడక గోడలను కూడా నిలువునా తడుపుతున్నాయి. ఆ గోడలకు ఏం తొడగాలన్నది ఇల్లు కట్టుకునే ప్రతి కుటుంబంలోనూ ఒక పూట చర్చ. ఆ చర్చలో చాలాచోట్ల గెలుస్తున్నది గాజు మొజాయిక్.

మొజాయిక్ అనగానే నడివయసు దాటినవారికి వేరే సంగతి గుర్తుకు వస్తుంది. సిమెంటులో రంగురాళ్ళ నలుసులు కలిపి, నున్నగా సానపట్టిన గచ్చును మనవైపు మొజాయిక్ గచ్చు అనేవారు. ఇది అది కాదు. అంగుళం కంటె చిన్నవిగా వుండే చదరపు గాజు బిళ్ళలను వందలకొద్దీ వరుసలుగా పేర్చి గోడకు అతికిస్తారు. లోపలినుంచి కాంతి వచ్చినట్టుగా మెరుస్తాయి. నీలిరంగువి చూస్తే చెరువు గట్టున నిలబడినట్టు వుంటుంది. ఆడవారికీ మగవారికీ, పిల్లలకూ పెద్దలకూ ఒకేసారి నచ్చే వస్తువులు బజారులో తక్కువ. ఇది వాటిలో ఒకటి.

అయితే దుకాణంలో దీపాల క్రింద నచ్చిన ఆ గాజు ఇంటికి వచ్చి రెండు వానాకాలాలు గడిచేసరికి ఎలా వుంటుందన్నది వేరే ప్రశ్న. గాజు నీటిని పీల్చదు. అందుచేత గోడకు గాజు వేస్తే నీటి బెడద తీరినట్టేనని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కంతా ఆ అనుకోవటంలోనే వుంది. గోడను కాపాడేది గాజు కాదు. గాజు వెనుక వున్నదీ, గాజుకూ గాజుకూ మధ్య వున్నదీ కాపాడాలి. బిళ్ళల రంగు గురించి నెలరోజులు ఆలోచించి, ఈ రెంటిని గురించి ఒక్క నిమిషమైనా ఆలోచించకపోతే “పైన పటారం, లోన లొటారం” అన్న సామెత మన ఇంట్లోనే నిజమవుతుంది.

రెండువేల ఏళ్ళ ముచ్చట

ఈ సొగసు నిన్న మొన్నటిది కాదు. నేలమీద రాళ్ళతో వేసే మొజాయిక్ పని తరువాతి కాలంలో గాజుతో కప్పులమీదికి ఎక్కిందని రోమను గ్రంథకర్త ప్లినీ వ్రాశాడు. అగ్రిప్ప అనే ప్రముఖుడు రోములో కట్టించిన స్నానశాలలను ప్రస్తావిస్తూ, ఆ విద్య అప్పటికే పుట్టి వుంటే ఆయన తన స్నానశాలల కప్పులకు గాజు పొదిగించకుండా విడిచిపెట్టేవాడు కాడని అంటాడు. స్నానానికీ గాజుకూ స్నేహం అంత పాతదన్న మాట. ప్లినీ క్రీ. శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం ప్రేలినప్పుడు మరణించాడు. ఆ ప్రేలుడులోనే పూడిపోయిన హెర్క్యులేనియం పట్టణంలో నీటి తొట్టెలున్న ఒక పెరటి గోడమీద నాటి గాజు మొజాయిక్ బొమ్మలు ఈనాటికీ నీలంగా, పచ్చగా వున్నాయి.

ఇటలీలోనే రవెన్నా అనే పట్టణంలో 5, 6 శతాబ్దాలనాటి ప్రార్థనా మందిరాలున్నాయి. వాటి గోడలమీద గాజుముక్కలను సమంగా కాక, ఒక్కొక్క దానిని కొంచెం ఏటవాలుగా పొదిగారు. మనిషి నడుస్తూ వుంటే వెలుగు కూడా గోడమీద నడుస్తున్నట్టు కనిపిస్తుంది. 1291లో వెనిస్ ప్రభుత్వం కొలుముల వల్ల నగరానికి నిప్పు ప్రమాదమని తలచి గాజుపనివారిని మురానో దీవికి తరలించింది. నేటికీ ఆ దీవి పేరు గాజుపనికి మారుపేరుగా వుంది. మన దేశంలోనూ ఈ పని లేకపోలేదు. ఉదయపూరు రాజప్రాసాదంలో 19వ శతాబ్దంలో గాజుముక్కలతో పొదిగిన నెమళ్ళను చూడటానికి నేటికీ యాత్రికులు వెళతారు.

మన హైదరాబాదులో బాద్‌షాహీ ఆషుర్‌ఖానా వుంది. 1590 ప్రాంతాల మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించినది. దాని గోడలమీది పలకలు అచ్చమైన గాజు కావు. గాజుపూత పెట్టిన మట్టిపలకలు. నాలుగు శతాబ్దాలుగా వాటి పసుపూ నీలమూ వన్నె తగ్గలేదు. కాని 1908లో మూసీకి వరద వచ్చినప్పుడు గోడల క్రింది భాగాన్ని నీరు ముంచింది. అక్కడి పలకలు చాలావరకు పోయాయి. ఎండకు, గాలికి, కాలానికి లొంగని పని నిలిచిన నీటికి లొంగింది. స్నానాల గదికి మొజాయిక్ వేయించుకునేవారు గుర్తుంచుకోదగిన పాఠం ఇది.

రంగు ఎక్కడ వుంది?

సంస్కృతంలో కాచమన్నది తెలుగులో గాజయింది. చేతికి వేసుకునేదీ గాజే, కిటికీకి బిగించేదీ గాజే. గాజు బిళ్ళలు కొనేటప్పుడు చేతిగాజుల బేరం తెలిసిన ఇల్లాలి నేర్పే పనికి వస్తుంది. మట్టిగాజు పగిలితే ముక్కలో కూడా అదే రంగు వుంటుంది. గిల్టు నగ సంగతి అలా కాదు. దాని వన్నె పైపైనే.

బిళ్ళలలోనూ ఈ తేడా వుంది. ఒక రకం బిళ్ళలకు గాజు కరిగినప్పుడే రంగు కలుపుతారు. వాటి రంగు ముక్క అంతటా వుంటుంది. నీటికి పోదు, ఎండకు వెలవదు. రెండో రకంలో గాజు తెల్లనిది. దాని వెనుక రంగు పూస్తారు, లేదా పలుచని రంగుపొర అంటిస్తారు. చూపుకు ఇవే ఎక్కువ నిగనిగలాడతాయి. ధర కూడా తరచు తక్కువే. కాని వెనుకనుంచి తడి చేరితే ఆ పొర గాజును విడిచిపెడుతుంది. అప్పుడు బిళ్ళ వెనుక మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. లేదా పొర సిమెంటుకు అంటుకుని, బిళ్ళ మాత్రం ఊడి చేతికి వస్తుంది. మూడో రకంలో బంగారపు రేకో, వెండి వన్నె రేకో రెండు గాజుల నడుమ గాని, గాజు వెనుక గాని పెడతారు. నడుమ వున్నదానికి భయం తక్కువ. వెనుక వున్నదానికి రెండో రకం సంగతే వర్తిస్తుంది.

దుకాణదారును అడిగి రెండు మూడు బిళ్ళలు ఇంటికి తెచ్చుకోండి. వెనుకవైపు రూపాయి బిళ్ళ అంచుతో గట్టిగా గీకండి. రంగు రాలితే అది పూత అన్నమాట. రెండురోజులు నీళ్ళలో నానవేసి మళ్ళీ గీకండి. అప్పుడు రాలినా అంతే. అటువంటివాటిని తడి తగలని చోట, అద్దం చుట్టూనో, ముందు గదిలో అలంకారానికో వాడుకోవచ్చు. షవరు క్రింద మాత్రం వద్దు.

మరో సంగతి కూడా చూడాలి. బిళ్ళలను విడివిడిగా అమ్మరు. సుమారు అడుగు చదరం పలకగా కూర్చి అమ్ముతారు. కొన్నిటికి ముందువైపు కాగితం అంటించి వుంటుంది. గోడకు అతికించాక తడిపి ఆ కాగితాన్ని లాగేస్తారు. కొన్నిటికి వెనుకవైపు వలగుడ్డ వుంటుంది. వలగుడ్డవి పనివానికి సులువు, వరుస ముందే కనిపిస్తుంది. కాని ఆ వలా, దానిని పట్టివుంచిన జిగురూ బిళ్ళకూ గోడకూ మధ్య శాశ్వతంగా వుండిపోతాయి. ఆ జిగురు నీటికి కరిగే రకమైతే పట్టు సడలుతుంది. నిత్యం తడిసే గోడకు కాగితం రకం మేలు. వలగుడ్డదే నచ్చితే, షవరులోనూ ఈతకొలనులోనూ వాడదగినదని తయారీదారు పెట్టెమీద వ్రాసి వుంటేనే తీసుకోండి. ఆ నానవేసే పరీక్షలోనే వల బిళ్ళను విడుస్తుందో లేదో కూడా తెలిసిపోతుంది.

సందుల లెక్క

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకుని ఒక చిన్న లెక్క వేద్దాం. షవరు మూలలో రెండు గోడలు, ఒక్కొక్కటి మూడు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు అనుకోండి. మొత్తం 42 చదరపు అడుగులు. అంటే 4 చదరపు మీటర్లకు కాస్త తక్కువ. మామూలుగా దొరికే 20 మిల్లీమీటర్ల బిళ్ళలు, మధ్య 2 మిల్లీమీటర్ల సందు అనుకుంటే, ఆ రెండు గోడలకూ సుమారు 8,000 బిళ్ళలు పడతాయి. వాటి మధ్య సందులన్నీ ఒక దారంలా సాగదీస్తే 350 మీటర్లు దాటుతుంది. అదే గోడలకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు వుండే పెద్ద టైల్స్ వేస్తే సందుల పొడవు 20 మీటర్లు మాత్రమే.

ఇంకొక విధంగా చెప్పాలంటే, చిన్న బిళ్ళల గోడలో నూటికి 17 వంతులు గాజు కాదు, సందు. పెద్ద టైల్స్ గోడలో సందు నూటికి ఒక వంతు. అంటే గాజు మొజాయిక్ గోడ కొనేవారు నిజానికి రెండు వస్తువులు కొంటున్నారు: కొంత గాజు, కొంత గ్రౌటు. గాజుకు మాసే గుణం లేదు, పీల్చే గుణం లేదు. ఆ రెండు గుణాలూ సందులో నింపిన గ్రౌటుకు వుంటాయి. రోజూ తుడవవలసింది ఆ 350 మీటర్లే.

తీరిక తక్కువగా వుండి, ఇంట్లో పనికి మరో మనిషి లేనివారు 50 మిల్లీమీటర్ల బిళ్ళలు తీసుకుంటే సందుల పొడవు 150 మీటర్లకు తగ్గుతుంది. లేదా గోడలకు పెద్ద టైల్స్ వేయించి, కంటి ఎత్తున ఒక అడుగు వెడల్పున గాజు పట్టీ పెట్టించుకోవచ్చు. చీరకంతా జరీ వుండనక్కరలేదు. అంచున వుంటే చాలదా?

నేల సంగతి వేరు

గోడమీద నచ్చిన బిళ్ళనే నేలమీదా పరిపించాలని ముచ్చటపడతారు. ఇక్కడ ఆగాలి. స్నానాల గదిలో నడిచేది పిల్లలూ, మోకాళ్ళనొప్పుల ముసలివారూ కూడా. తలంటు రోజున నేలమీద నూనె, దానిమీద సున్నిపిండి, దానిమీద కుంకుడు నురుగు. నున్నని గాజుమీద ఈ మూడూ చేరితే గట్టివానికే కాలు నిలవదు. వృద్ధాప్యంలో తుంటి ఎముక విరిగితే ఆ మనిషి మళ్ళీ మునుపటిలా తిరగటం ఎంత కష్టమో చాలా కుటుంబాలకు తెలిసినదే. ఎంత అందమూ దానికి సాటిరాదు.

చిన్న బిళ్ళలకు నేలమీద ఒక సుగుణం వున్న మాట నిజం. సందులు ఎక్కువ కనుక పాదానికి పట్టు దొరుకుతుంది. తూము వైపుకు నాలుగు దిక్కులనుంచీ వాటం ఇవ్వవలసి వచ్చినప్పుడు పెద్ద టైలును కోయక తప్పదు, చిన్న బిళ్ళల పలక దానంతటదే వంగుతుంది. కాబట్టి నేలకు చిన్న బిళ్ళలే వేయాలనుకుంటే మెరుగులేని గరుకు రకం, నేలకు వాడదగినదని వ్రాసి వున్నది ఎంచుకోండి. గరుకు పింగాణీ బిళ్ళలైతే ఇంకా మంచిది. వాటం అడుగుకు పావు అంగుళం వుండాలి. బిళ్ళలు వేశాక చెంబుడు నీళ్ళు పోసి చూడండి. ఎక్కడా మడుగు కట్టకుండా తూములోకి పోవాలి. గోడకు చేతిపట్టు కడ్డీ కూడా అప్పుడే బిగించుకోవాలి. గాజు వేశాక కన్నం పెట్టటం కష్టం. తప్పనిసరి అయితే సుత్తిదెబ్బ లేకుండా, డైమండ్ బిట్‌తో, నీళ్ళు చిలకరిస్తూ మెల్లగా తొలవాలి.

వెనుక వున్నదే ముఖ్యం

సిమెంటు గట్టిదేగాని నీళ్ళను ఆపేది కాదు. కంటికి కనిపించని రంధ్రాలగుండా తడి మెల్లగా ప్రయాణం చేస్తుంది. నాకు తెలిసిన ఒక కుటుంబం ఎంతో ఇష్టపడి స్నానాల గది అంతా నీలి గాజు వేయించింది. ఏడాది తిరక్కుండానే క్రింది వాటా వారి వంటింటి కప్పుమీద చెమ్మ మచ్చ కనిపించింది. అంతవరకు పండగకు పిండివంటలు ఇచ్చిపుచ్చుకున్న రెండు ఇళ్ళ మధ్య మాటలు కరువయ్యాయి. చివరకు గాజంతా పగలగొట్టి చూస్తే, దాని వెనుక నీళ్ళను ఆపే పూత అనేది వేయనే లేదు. గాజు ఒక్క బిళ్ళ కూడా చెడలేదు.

బిళ్ళలు అతికించటానికి ముందే నేలకూ గోడలకూ నీటిని ఆపే పూత రెండు సార్లు, ఒకటి ఆరాక మరొకటి వేయించాలి. షవరు గోడలకు షవరు ఎత్తు దాటే వరకు వుండాలి. గోడా నేలా కలిసే మూలలు, గొట్టాలు బయటికి వచ్చే కన్నాలు, తూము చుట్టూ — నీరు దారి వెతుక్కునేది ఇక్కడే. అక్కడ పూతలో జాలిగుడ్డ పట్టీ కలిపి వేస్తారు. పూత ఆరిన తరువాత తూము మూసి, రెండంగుళాల నీళ్ళు నిలబెట్టి, నీటిమట్టం దగ్గర గీత గీయండి. 24 గంటలకు తక్కువ కాకుండా, వీలైతే 48 గంటలు వుంచండి. నీళ్ళు గీత దిగకూడదు. క్రింది ఇంటి కప్పుమీద చెమ్మ కనిపించకూడదు. క్రిందివారిని పిలిచి మీరే చూపించండి. ఆ రెండు రోజులు ఓపిక పట్టలేని కంట్రాక్టరు వుంటే, గాజు కొనటానికి మీరే తొందరపడకండి.

మేస్త్రి చేతిలో

గాజు దాపరికం ఎరగదు. మామూలు టైలు వెనుక గోడ కాస్త ఎగుడుదిగుడుగా వున్నా చెల్లిపోతుంది. చిన్న గాజు బిళ్ళలు ప్రతి బొడిపెనూ పట్టి చూపిస్తాయి. కనుక ముందు గోడ చదునుగా, తూకపు గుండుకు నిలువుగా వుండాలి. అతికించటానికి బూడిదరంగు సిమెంటు పనికిరాదు. దాని నలుపు గాజులోనుంచి కనిపిస్తుంది. గాజు మొజాయిక్‌కు వాడదగినదని సంచిమీద వ్రాసి వున్న తెల్ల అడ్హెసివ్ కావాలి. మన దేశంలో ఈ అడ్హెసివ్‌లకు ఐ. ఎస్. 15477 అనే ప్రమాణం వుంది. సంచిమీద ఆ సంఖ్య వుందేమో చూడండి. పళ్ళున్న తాపీతో చారలు గీశాక, ఆ చారలను తాపీ నున్నని అంచుతో అణచివేయాలి. లేకపోతే ఆ చారలే రేపు గాజు వెనుక గీతలుగా కనిపిస్తాయి. వాటి మధ్య గాలి, గాలి వున్నచోట తరువాత తడి చేరుతుంది.

ముందు గాజు, వెనుక నీటిని ఆపే పూత. రెండూ తడిని పీల్చవు. కనుక మధ్యనున్న అడ్హెసివ్ లోని తేమ సందులగుండానే బయటికి పోవాలి. మామూలు టైల్స్ కంటె ఇది ఆలస్యంగా ఆరుతుంది. వేసిన మరునాడే సందులు మూసివేస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. సంచిమీద చెప్పినన్ని రోజులూ ఆగాలి.

ఇక కూలి మాట. చదరపు అడుగు లెక్కన బేరం చేసి, “త్వరగా కానీ” అని వెంటపడితే మేస్త్రి కూడా త్వరగానే కానిస్తాడు. పెద్ద టైల్స్ వేసే చేతికీ, ఎనిమిదివేల బిళ్ళల వరుస తప్పకుండా కూర్చే చేతికీ తేడా వుంది. ఈ పని చేసి వున్న మనిషిని వెతికి, ఆయన వేసిన గోడ ఒకటి చూసి, రోజుకూలి ఇచ్చి నిదానంగా చేయించుకోవటం చివరకు చవక. కాగితం ఊడదీసిన వెంటనే మీరు ఒకసారి దగ్గర నిలబడి చూడండి. వంకరగా వున్న బిళ్ళను సరిచేయటానికి ఆ కొద్ది నిమిషాలే వ్యవధి.

పసుపు, కుంకుడు, గోరింటాకు

సందులు నింపటానికి రెండు రకాల గ్రౌటు వుంది. సిమెంటు గ్రౌటు చవక, వేయటం సులువు; కాని తడినీ మరకనూ పీలుస్తుంది. సన్నని సందులకు ఇసుకలేని రకమే వాడాలి. ఇసుక రేణువులు గాజును గీకవచ్చు. రెండోది ఎపాక్సీ గ్రౌటు. అది దాదాపు గాజులాగే నీళ్ళు పీల్చదు, మరక పట్టదు. ధర చాలా ఎక్కువ. వేయటం కూడా కష్టం; గట్టిపడకముందే బిళ్ళలమీద మిగిలినదంతా తుడిచివేయాలి. ఆ తరువాత అది రాదు. ఎండ నేరుగా పడేచోట కాలక్రమేణా పచ్చబడుతుంది.

మన ఇళ్ళలో స్నానమంటే సబ్బు ఒక్కటే కాదు. పసుపు వుంది, సున్నిపిండి వుంది, తలకు కుంకుడు పులుసు, గోరింటాకు వున్నాయి. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి అవుతుందని మన ఆడపడుచులకు చెప్పనక్కరలేదు. కొత్త సిమెంటులోనూ సున్నపు గుణమే వుంది. తెల్లని కొత్త సిమెంటు గ్రౌటుమీద పసుపునీళ్ళు పడితే ఎర్రగా మరక లేచేది అందుకే. కాబట్టి 350 మీటర్ల సందులున్న గోడకు, మన అలవాట్లకు, ఎపాక్సీ ఖర్చు దండుగ కాదు. అంత పెట్టలేనివారు తెలుపు మానేసి బూడిద, లేత నీలం వంటి రంగు గ్రౌటు తీసుకోవాలి. దానిమీద పీల్చకుండా చేసే సీలరు పూయించి, దానిని కొన్నాళ్ళకొకసారి మళ్ళీ వేయించాలి.

ఒక్క చోట మాత్రం ఏ గ్రౌటూ పనికిరాదు. గోడా గోడా కలిసే మూల, గోడా నేలా కలిసే మూల. ఇల్లు ఎండకు వ్యాకోచిస్తుంది, చలికి సంకోచిస్తుంది. గాజు, సిమెంటు ఒకే విధంగా కదలవు. ఆ కదలికకు చోటివ్వటానికి మూలల్లో సాగే గుణం వున్న సిలికాన్ నింపాలి. అక్కడ గట్టి గ్రౌటు నింపితే వెంట్రుకవాసి పగులు వస్తుంది. నీటికి అంతకంటె పెద్ద ద్వారం అక్కరలేదు.

బోరు నీళ్ళూ తెల్లమచ్చలూ

ఇంత జాగ్రత్తగా వేయించిన గోడకు రోజూ వచ్చే శత్రువు బోరు నీళ్ళు. తాగేనీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండా వుంటే మంచిదని, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అంగీకరించవచ్చని భారత ప్రమాణం ఐ. ఎస్. 10500 చెబుతున్నది. పప్పు ఉడకక, సబ్బు నురగక అవస్థపడే ఊళ్ళు మనకు కొత్త కాదు. ఆ నీళ్ళు గోడమీద చుక్కగా నిలిచి ఆరితే నీరు పోతుంది, సున్నపు పదార్థం మిగులుతుంది. సబ్బుతో కలిస్తే అది తెట్టుగా మారుతుంది. గాజుమీద ఈ తెల్లమచ్చ కనిపించినంతగా మరెక్కడా కనిపించదు. నెలల తరబడి వదిలేస్తే గాజును పట్టి వూరుకుంటుంది.

మందు చాలా తేలిక: నీటిని ఆరనివ్వకుండా తుడిచివేయటం. స్నానం ముగించినవారు బయటికి వచ్చేముందు రబ్బరు వైపరుతో గోడను పైనుంచి క్రిందికి లాగాలి. రెండు నిమిషాల పని. ఆఖరున స్నానం చేసేది ఇల్లాలే కనుక ఆమెదే ఈ పని అనుకోకుండా, ఎవరు తడిపిన గోడ వారే తుడిస్తే గోడకూ మంచిది, కాపురానికీ మంచిది. తరువాత కిటికీ తెరచివుంచాలి. కిటికీ లేకపోతే గాలిపంకా మరో పావుగంట తిరగనివ్వాలి. సందుల్లో నల్లబూజు పట్టేది తడికి కాదు, ఆరని తడికి.

వారానికొకసారి గోరువెచ్చని నీళ్ళలో కొద్దిగా సబ్బుద్రావకం వేసి మెత్తని గుడ్డతో తుడవండి. తెల్లమచ్చలు వుంటే వెనిగరులో సమానంగా నీళ్ళు కలిపి గాజుమీద రాసి, కొద్ది నిమిషాల్లో బాగా కడిగివేయాలి. మనవారు ఇత్తడి తోమే చింతపండూ నిమ్మచెక్కా చేసే పనీ ఇదే. కాని ఏ పులుపైనా సిమెంటు గ్రౌటును కూడా మెల్లగా తింటుందని మరువకూడదు. ఎపాక్సీ అయితే భయం తక్కువ. ఇనుప పీచు, గరుకు పొడి ముట్టించవద్దు.

బాత్‌రూం యాసిడ్ మాట వేరుగా చెప్పాలి. పండగ ముందు సీసాడు యాసిడ్ గుమ్మరించి తళతళలాడించటం చాలా ఇళ్ళలో అలవాటు. అది గాజును ఏమీ చేయదు. అందుచేతనే గోడ కొత్తదానిలా కనిపిస్తుంది. కాని సందుల్లో సిమెంటును కొరికి, కుళాయిల మెరుగును తీసి, నీటికి దారి చేసి పోతుంది. దానికి బ్లీచింగ్ పౌడరు తోడయితే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్నగదిలో అది ప్రాణానికే ముప్పు. ఈ రెండూ ఎప్పుడూ కలపకూడదని పనిమనిషికీ, పిల్లలకూ కూడా చెప్పివుంచండి.

ఏడాదికొకసారి వేలి కణుపుతో గోడంతా తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చినచోట, సందులోనుంచి తెల్లపొడి పొంగినచోట, గోడకు అవతలివైపు సున్నం ఊడినచోట లోపల తడి వున్నట్టు అనుమానించాలి. అప్పుడే పట్టుకుంటే పది బిళ్ళలతో పోతుంది. అందుకే కొనేటప్పుడు నూటికి పది వంతులు ఎక్కువ కొని, మిగిలినవి పెట్టెమీది సంఖ్యతో సహా అటకమీద దాచుకోవాలి. అదే రంగు మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం లేదు.

ఇదంతా చదివి గాజు జోలికే పోవద్దనుకోనక్కరలేదు. సరిగా వేసిన గాజు గోడ మీ తరువాత తరం కూడా చూస్తుంది. కాని ఖర్చు వేసుకునేటప్పుడు వరుస మార్చండి. మొదట నీటిని ఆపే పూతకూ, దాని పరీక్షకూ; తరువాత మంచి మేస్త్రికి; ఆ తరువాత గ్రౌటుకు; వీటన్నిటికీ పోగా మిగిలినదానితో గాజు. మిగిలినది తక్కువైతే గోడంతా కాకుండా పట్టీ ఒక్కటి పెట్టించుకోండి. ఆ పట్టీ పదేళ్ళ తరువాత కూడా మొదటిరోజులాగే మెరుస్తూ వుంటుంది, క్రింది ఇంటివారు పండగనాడు మీ తలుపు తడుతూనే వుంటారు.